మా ఇంటి సముద్రం, డ్రాయింగ్ సార్

మా డ్రాయింగ్ సార్ పోయారు. మొన్న శుక్రవారం పొద్దున జనగామ కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఫోన్ మోగింది. ఆయన భార్య. "సారూ, మీ సార్ లేడు ఇగ" అంది. గుండె నొప్పితో నాలుగు రోజులు మహబూబాబాద్ దవాఖానలో ఉన్నారట. పరేషాన్ అవుతానని నాకు చెప్పొద్దన్నారట. ఫోన్ జేబులో పెట్టుకున్నాక నాకు మొదట వచ్చిన ఆలోచనేమిటో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ జర్మనీ చిత్రకారుడి గురించి తెలిసినవాణ్ణి ఈ చుట్టుపక్కల ఇక నేనొక్కణ్ణే మిగిలాను అనుకున్నాను. ఆ తర్వాతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వంకాయలు అక్కడే వదిలేసి వచ్చాను.

పోయినవారి గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాస్తారు. నేనూ రాస్తాను. కానీ ఆయన మంచితనం చెప్పాలంటే నా కుళ్లు గురించి చెప్పక తప్పదు. ఇన్నేళ్ల స్నేహంలో ఆయన్ని చూసి నేను ఓర్వలేకపోయిన రోజులే ఎక్కువ.

మేమిద్దరం జనగామ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో పనిచేశాం. నేను ఇంగ్లీషు, ఆయన డ్రాయింగ్. మాది కొడకండ్లలో భూములున్న కుటుంబం. ఆయనది కురవి దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడేవారు, తెలుగు బడికొచ్చాక నేర్చుకున్నారు. ఇంగ్లీషు వాక్యం ఒకటి చదవడానికి రెండుసార్లు ఆగేవారు. ఈ తేడాలు అప్పట్లో నాకు చాలా అవసరంగా ఉండేవి.

కొడకండ్లలో ఇంటికి రంగులు వేయిస్తూ, ఏ గోడకు ఏ రంగు బాగుంటుందో చెప్పమని ఒక ఆదివారం ఆయన్ని తీసుకెళ్లాను. మా ముందు గదిలో, వడ్ల బస్తాల పైన, ఒక పాత నూనెరంగుల బొమ్మ వేలాడేది. సికింద్రాబాదులో ఉండే తెల్లదొర ఎవరో ఇంగ్లండు వెళ్లిపోతూ సామాను వేలం వేస్తే మా తాత ఒక బీరువా తెచ్చాడు. దాంతోపాటు వచ్చిందా బొమ్మ. సముద్రం, మబ్బు, కింద కొంచెం తడి ఇసుక. నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది. డ్రాయింగ్ సార్ రంగుల సంగతి మరిచిపోయి దాని ముందు నిలబడిపోయారు. అమ్మ అన్నం పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది.

"ఇది ఎవలది సార్?" అని అడిగారు.

"మా తాతది."

"తాతది కాదు సార్. గీసింది ఎవలు?"

మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగని మాట అది. ఆయన అమ్మ దగ్గర దూది అడిగి తీసుకుని, తడిపి, కింది మూల మెల్లగా తుడిచారు. మసి కింది నుంచి ఒక పేరు బయటపడింది. అమ్మ సంబరపడిపోయింది. "మా పిల్లగాడు చిన్నప్పటి సంది దీని కిందనే కూసోని చదివిండు బిడ్డా. ఒక్కనాడు తలెత్తి చూడలే" అంది. నవ్వుతూనే అంది. నా అసూయ ఆ గదిలో, ఆ మాట దగ్గర మొదలైంది.

ఆ పేరు పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. బడి అయిపోగానే జనగామ నెట్ సెంటర్లో కూర్చునేవారు. దొరికింది కొంచెమే. అతను జర్మనీలో పుట్టాడు. కుర్రతనంలోనే ఇంగ్లండు వచ్చి అక్కడే ఉండిపోయాడు. జీవితమంతా సముద్రాలే గీశాడు. చివరికి సముద్రంలోనే మునిగి చనిపోయాడని రెండు చోట్ల రాసి ఉంది. ఆ చివరి ముక్కను డ్రాయింగ్ సార్ నమ్మలేదు.

"మునిగెటోడు కాదు సార్ గీయన" అన్నారు స్టాఫ్ రూములో, ఫోన్లో తీసుకున్న ఫోటో చూపిస్తూ. "జర చూడుండ్రి, ఎక్కడ నిలవడి గీసిండో. ఇసుక ఇవతల, ఎండిన జాగల. నీళ్లంటె భయమున్నోడు. పడవ మీదికెళ్లి గీసిన బొమ్మ ఒక్కటన్న దొరికిందా మనకు?"

అప్పటి నుంచి అతను ఎలా చనిపోయాడో తెలుసుకోవడమే ఆయన పని అయింది. జర్మనీలో అతను పుట్టిన ఊరి మ్యూజియానికి, ఇంగ్లండులో చిన్న చిన్న లైబ్రరీలకు ఉత్తరాలు రాసేవారు. ఈమెయిలు పంపవచ్చు కదా అంటే, "చేతిరాత చూస్తె పక్కన పడెయ్యబుద్ది కాదు సార్" అనేవారు. ఆయన తెలుగులో రాసిస్తే నేను ఇంగ్లీషు చేసేవాణ్ణి. దాన్ని ఆయన బొమ్మ గీసినంత జాగ్రత్తగా మళ్లీ చేత్తో రాసేవారు. ఆయన దగ్గరొక పెద్ద నోటుబుక్కు ఉండేది. ఎడమ పేజీలో ప్రశ్నలు, కుడి పేజీలో జవాబులు. ఎడమ పేజీలన్నీ నిండి ఉండేవి.

పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఎవరైనా తప్పు గీసి రబ్బరు తీస్తే చెయ్యి పట్టుకుని ఆపేవారు. "ఉండనియ్యి బిడ్డా. దాన్ని చూస్తెనే సరి గీత ఎటు పోవాల్నో ఎరుకైతది" అనేవారు. నా క్లాసులో ఎర్ర సిరాతో కొట్టేసిన నోటుబుక్కులు పట్టుకుని పిల్లలు ఆయన గదికి పరుగెత్తుతుంటే కిటికీలోంచి చూసేవాణ్ణి.

ఆయన సముద్రం చూడలేదు. నేను మూడుసార్లు విశాఖపట్నం వెళ్లొచ్చాను. మూడోసారి వెళ్లి రాగానే ఆయన ఆత్రంగా అడిగారు. "అల ఎనుకకు పొయ్యేటప్పుడు ఇసుక ఏం రంగుల కనవడ్తది సార్? ఆ మెరుపు ఎంతసేపుంటది?"

"ఇసుక ఇసుక రంగులోనే ఉంటుంది సార్" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. ఎడమ పేజీలో ఆ ప్రశ్న రాసుకుని కుడి పేజీ ఖాళీగా వదిలేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. బొమ్మ మాది. ఇంగ్లీషు నాది. సముద్రం చూసింది నేను. దాన్ని గీసిన మనిషి మాత్రం ఆయనకు దొరుకుతున్నాడు. అమ్మ ఫోన్ చేసినా ముందు "డ్రాయింగ్ సారుకు ఏమన్న తెలిసిందా?" అని అడిగి, ఆ తర్వాత నా బీపీ సంగతి అడిగేది. తండా నుంచి వచ్చిన మనిషికి ఇది ఎందుకు తెలియాలి, నాకు ఎందుకు తెలియకూడదు అని కూడా అనుకున్నాను. అది ఎంత నీచమైన ఆలోచనో అప్పుడే తెలుసు. తెలిసీ దాన్ని దగ్గరే ఉంచుకున్నాను.

తర్వాత ఆయనకు భూపాలపల్లి వైపు, చెల్పూర్ దగ్గరి బడికి బదిలీ అయింది. ఉత్తరాల మీద అడ్రసు మాత్రం మా బడిదే. ఒక మధ్యాహ్నం ఇంగ్లండు నుంచి కవరు వచ్చింది. ఆయన పేరు మీద వచ్చిన కవరు నేను చించాను.

సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఒక చిన్న పట్టణపు లైబ్రరీలో పనిచేసే ఆమె రాసింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, జర్మనీలో పుట్టినవాడు కాబట్టి ఆ చిత్రకారుణ్ణి తీరంలో ఉండనివ్వలేదట. తీరం బొమ్మలు గీసి శత్రువులకు పంపుతాడని అనుమానించి ఈ పట్టణానికి పంపేశారట. అక్కడ రెండేళ్లు బతికి, న్యుమోనియాతో ఆస్పత్రి మంచం మీద చనిపోయాడు. మరణాల రిజిస్టరులో వృత్తి అన్నచోట 'ఇళ్లకు రంగులు వేసేవాడు' అని ఉంది. ఉత్తరం చివర ఇంకో సంగతి. అతని మేనకోడలి కూతురు ఇంకా బతికే ఉంది. తొంభై దాటిన ముసలావిడ. తన తల్లికి మేనమామ అయిన ఆయన గీసిన బొమ్మ ఒక్కటి కూడా ఆవిడ చూడలేదు. మీరు చెబుతున్న బొమ్మ ఫోటో పంపగలరా అని అడిగి అడ్రసు ఇచ్చింది.

ఆ ఉత్తరం ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాను.

ప్రతి శనివారం డ్రాయింగ్ సార్ ఫోన్ చేసేవారు. "ఏమన్న వచ్చిందా సార్?"

"రాలేదు సార్."

మూడు నెలలు అలాగే చెప్పాను. ఈలోపు నేనే పెద్ద వ్యాసం రాసి ఇంగ్లీషు పత్రికకు పంపాలనుకున్నాను. యుద్ధం గురించి రాశాను, మా తాత గురించి రాశాను. బొమ్మ ఎలా ఉంటుందో రాయాల్సిన చోట ఆగిపోయాను. సముద్రం, మబ్బు, ఇసుక. నాలుగో మాట రాలేదు. కొడకండ్ల వెళ్లి దాని కింద కుర్చీ వేసుకుని ఒక పూటంతా కూర్చున్నాను. సాయంత్రానికి ఇసుక మీద ఒక సన్నటి గీత కనిపించింది. మబ్బులో ఉన్న గులాబీ రంగే అక్కడ, తడిలో, పలచగా. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లుగా మా గోడ మీదే ఉంది. మర్నాడు కవరు తీసుకుని భూపాలపల్లి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు దూరంగా కనిపించే బడి గోడకు ఆయన రంగులు వేస్తున్నారు. చేతులు మోచేతుల దాకా నీలం. కవరు ఇచ్చాను. దాని మీది ముద్ర చూశారు. నా మొహం చూశారు. చేతులకు రంగు ఉందని, "మీరే చదువుండ్రి సార్" అన్నారు.

చదివి తెలుగులో చెప్పాను. 'ఇళ్లకు రంగులు వేసేవాడు' అన్నచోట ఆయన బ్రష్ కింద పెట్టేశారు.

"గట్లనే రాసిండ్రా?"

"అట్లనే ఉంది సార్."

"అక్కడికి సముద్రం ఎంత దూరముంటదట?"

"బాగా దూరం. నడిచి పోయేంత కాదు."

ఆయన గోడ పక్కనే కింద కూర్చున్నారు. ముసలావిడ సంగతి వినగానే లేచి నిలబడ్డారు. ఫోటో ఎలా తీయాలి, ఏ వెలుతురులో తీయాలి అని గబగబా మాట్లాడారు. అప్పుడు చెప్పాను. "సార్, ఇది వచ్చి మూడు నెలలైంది. నేనే దాచిన."

"ఎందుకు సార్?"

"మీ మీద కుళ్లు."

ఆయన నీళ్ల బకెట్లో చేతులు ముంచి చాలాసేపు కడుక్కున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "నా మీద కుళ్లేంది సార్? మీకు లేనిది నా కాడ ఏమున్నది?" ఆ మాట ఎత్తిపొడుపుగా అని ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన నిజంగానే అడిగారు.

మరుసటి ఆదివారం కొడకండ్ల వచ్చి, తలుపులన్నీ తెరిపించి ఫోటో తీశారు. దాన్ని పెద్దగా అచ్చువేయించి పంపారు. నెల తర్వాత లైబ్రరీ ఆమె నుంచి జవాబు వచ్చింది. ఆ కవరు నేను చించలేదు, అలాగే పట్టుకెళ్లి ఇచ్చాను. ఫోటో చేరే ముందే, దాదాపు నెలన్నర క్రితమే ముసలావిడ చనిపోయిందని ఉంది. మొదటి కవరు నా బీరువాలో ఉన్న రోజులవి. సార్ ఆ కాగితం మడిచి నోటుబుక్కులో పెట్టారు. "ఆ అవ్వ చూడకుండనే పాయె సార్" అన్నారు. అంతే.

ఆయన నన్ను క్షమించారని తేలిగ్గా రాసేయలేను. ఆ తర్వాత ఏడాది దాకా మా గడప తొక్కలేదు. శనివారాలు ఫోన్ మోగలేదు. ఆ చిత్రకారుడి మీద ఆయన రాసిన వ్యాసం ఒక ఆదివారం పేపర్లో వచ్చింది. ఉత్తరాలన్నీ ఇంగ్లీషు చేసిపెట్టిన మిత్రుడికి కృతజ్ఞతలని చివర ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం చదివి కూడా, వ్యాసం ఎంత బాగుందో అని కుళ్లుకున్నాను.

అమ్మ పోయినప్పుడు వచ్చారు. దినాలయ్యే వరకు రోజూ వచ్చారు. బొమ్మ డ్రాయింగ్ సారుకు ఇచ్చేయమని అమ్మ చెప్పిపోయింది. ఆ మాట నేను దాచలేదు. ఆయన బొమ్మ వైపు చూసి, "ఉండనియ్యిండ్రి సార్. మీరు ఇప్పుడిప్పుడే చూస్తుండ్రు" అన్నారు. ఆ వారం నుంచి శనివారాలు మళ్లీ ఫోన్ మోగింది.

సార్ పోయిన మూడో రోజు వాళ్ల తండాకు వెళ్లాను. రిటైరయ్యాక ఆయన అక్కడే చిన్న ఇల్లు వేసుకున్నారు. ఆయన భార్య వచ్చినవాళ్లతో లంబాడీలో మాట్లాడుతోంది. నన్ను చూసి పక్కకు వచ్చింది.

"సారూ, ఒక్క ముచ్చట చెప్పు. ఆ తెల్లాయన అంత మంచిగ గీసెటోడా?"

"మంచిగనే గీసేవాడమ్మా."

"నన్ను ఏ ఊరికీ తోల్కపోలే. మా పిల్ల పెండ్లి సామాను కొనవోయినప్పుడు గూడ దుకాణంల నిలవడి ఆయన ముచ్చటే. ఇంటికొస్తె ఆయనే, పంటె ఆయనే. ఎన్నిసార్లు ఆ బుక్కు పొయ్యిల పెట్టాల్ననుకున్ననో."

"నాకైతే సార్ మీదే కుళ్లుండేదమ్మా" అన్నాను.

"నీ సంగతి నాకెరుకే" అంది. "చెల్పూర్‌లనే చెప్పిండు. ఆ రాత్రి బువ్వ తినలే. మల్ల ఆయననే అన్నడు, 'ఆ సార్ గంత దూరం బస్సెక్కొచ్చి ఒప్పుకున్నడు, నేనైతె కవరు కాలవెడ్దునేమో' అని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని కల్లంలోకి నడిచింది. చావు వచ్చినా మిరపకాయలు ఆగవు. తిరగేయకపోతే బూజు పడతాయి. ఎర్రటి కాయలు ఇంటి ముందు నుంచి తుమ్మచెట్ల దాకా పరిచి ఉన్నాయి. ఆమె వాటి మధ్య పాదాలు జరుపుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లింది. ఆమె వెనక కాయలు పక్కకు ఒరిగి గీత పడి, అడుగున ఇంకా ఆరని కాయల ముదురు ఎరుపు అల వెనక్కి పోయిన ఇసుకలా తడిగా ఒక్క క్షణం మెరిసి, ఎండకు పలచబడింది. పక్కనే ఇంకో గీత. కురవి ఆటో వచ్చి హారన్ కొట్టింది. పొమ్మని చెయ్యి ఊపి, ఆమె చివరి వరుస తిరగేసేదాకా అక్కడే నిలబడి చూశాను.