తలుపు తీసే సీను

రాష్ట్రం విడిపోయిన ఏడాది, పాత వీడియో క్యాసెట్ల పిచ్చితో ఆమదాలవలసలో రైలు దిగాను. నేను వెతికే సినిమా ఏ హాల్లోనూ ఆడలేదు. దొంగలు ఓ ఇంట్లోకి చొరబడతారు. ఒకడు వీధి తలుపు కొడతాడు, ఇద్దరు పెరట్లోంచి దూరతారు. డబ్బుల్లేక మొత్తం ఒకే ఇంట్లో తీశారు. దొంగ చేతికున్న గడియారం మరుసటి షాటులో మాయమవుతుందట. మాలాంటి పిచ్చాళ్ళకి అలాంటివే ముద్దు.

షూటింగుకి ఇల్లిచ్చిన బియ్యం వ్యాపారి ఎప్పుడో పోయారు. మిగిలిన ఒక్క క్యాసెట్ ఆయన భార్య దగ్గరుందని విన్నాను. ఆవిడ కిటికీలోంచే పలకరించింది.

"ఎవులు బాబూ? ఏటి కావాల?"

చెప్పాను. అక్కడితో ఆగానా! "పెరటి తలుపు ఇంకా ఉందా అమ్మా?" అని అడిగాను. ఆవిడ చూపు నా బరువైన సంచీ మీద పడింది.

"ఈయేల శుక్రోరం. దీపాలెట్టీసినాం, ఇంట్లో వస్తువు బయటికివ్వం. రేపు రా, ఇస్తాను."

మా ఇంట్లోనూ ఉన్న పద్ధతే. అయినా నమ్మలేదు. విశాఖ నుంచి నాలాంటి పిచ్చాడు ఇంకెవడో ముందే వచ్చి బేరం మాట్లాడుకుపోయాడని నా అనుమానం. లాడ్జిలో కంటికి కునుకు లేదు.

పొద్దున్నే వెళ్తే పెరటి తలుపుకి కొత్త తాళం, అరుగు మీద పక్కింటి పెద్దాయన. నా సంచీ విప్పించాడు. లోపల వీసీఆర్.

"ఇదెందుకు మోస్తన్నావు?"

"క్యాసెట్ బూజు పట్టిందేమో ఆడించి చూడాలి కదండీ."

అప్పుడు గడియ తీసి ఆవిడ బయటికొచ్చింది. "దీన్లో ఆ బొమ్మాడతాదా? మాది ఎప్పుడో పాడైపోనాది."

చీరల మధ్య నుంచి క్యాసెట్ తీసిచ్చింది. వాళ్ళ టీవీకి వీసీఆర్ తగిలించి పెట్టాను. బొమ్మ కాసేపు వణికి నిలిచింది. సినిమాలో ఎవరో తలుపు కొట్టారు. లుంగీ కట్టుకున్న మనిషి తలుపు తియ్యడానికి నవ్వుతూ వచ్చాడు.

"మా ఆయనే," అంది. వెంటనే టీవీ వైపు వంగింది. "తియ్యకయ్యా! ఎవులో అడగవేటి? అందర్నీ నమ్మీడమే!"

ఆయన తీసేశాడు. "రండి, కూకోండి," అన్నాడు దొంగతో.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నాల్లకి ఆ గొంతు ఇన్నాను. మల్లీ తిప్పు బాబూ."

ఎన్నిసార్లు తిప్పానో. చివరికి తనే, "ఇస్తానన్నాను కదా, అట్టుకెల్లు," అంది. ఏళ్ళ తరబడి వెతికిన సినిమా, ఏడుపొచ్చినంత పనైంది. క్యాసెట్‌తో సహా వీసీఆర్ అక్కడే ఉంచేసి, ఏ బటన్ నొక్కాలో చూపించాను.

ఖాళీ సంచీతో వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి చూశాను. వీధి తలుపు బార్లా తీసే ఉంది. లోపల ఆయన గొంతు మళ్ళీ ఎవరినో కూర్చోమంటోంది.