నాలుగో మంచంకోడు

బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న రోజుల్లో, ఒక వేసవి సాయంత్రం శబరి నది దాటి ఒడ్డున ఎద్దులబండి కోసం కూర్చున్నాను. చుక్కలు పొడుస్తున్నాయి. ఇసుకలో ఒక మంచం దించి ఉంది. దాని మీద దుప్పటి కప్పిన శవం. పక్కన ముగ్గురు మగవాళ్లు, చనిపోయినవాడి భార్య. అడవిలో కలప నరికే కూపు పనికెళ్లి జ్వరంతో పోయినవాణ్ణి ఊరికి తీసుకెళ్తున్నారు. మోస్తున్న నాలుగో మనిషికీ అదే జ్వరం తగిలి దారిలోనే ఆగిపోయాడట. వాళ్లలో ఆడవాళ్లు శవాన్ని మొయ్యకూడదు.

“ఏందయ్యా, పైకే చూస్తున్నవ్?” అని ఆమే పలకరించింది.

“సప్తర్షి మండలమమ్మా. ఏడుగురు ఋషులు ధ్రువనక్షత్రం చుట్టూ తిరుగుతుంటారు,” అని బడిలో పిల్లలకు చెప్పే పాఠమే చెప్పాను.

“మాకది మంచమయ్యా. ఆ నాలుగు చుక్కలు మంచంకోళ్లు. ఎనక మూడు, మోసేటోళ్లు. నాలుగో మనిషి దొరకలే. గందుకే ఇల్లు చేరక ఆడనే తిరుగుతది.”

నా బండి రాకముందే లేచి నాలుగో కోడు కుడిభుజానికెత్తుకున్నాను.

ఇప్పటికీ పిల్లలకు ఆ చుక్కలు చూపిస్తాను. ఋషుల పేర్లు ఏడూ చెబుతాను. చెబుతున్నంతసేపూ నా చెయ్యి కుడిభుజం మీదే ఉంటుంది.