మొదటి రోజు మిసెస్ టటిల్

బెర్నడీన్ టటిల్‌కి డెబ్బై మూడేళ్లు. ఆ కాలేజీలో ముప్ఫై ఒక్క కోర్సుల్లో చేరింది. ఒక్కదానికీ రెండో రోజు వెళ్లలేదు.

కాలిఫోర్నియాలో, బాదం తోటల మధ్య ఉన్న ఆ కమ్యూనిటీ కాలేజీలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఈతలో చేరి, నీళ్లు తడిగా ఉన్నాయని మానేసింది. అకౌంటింగ్‌లో చేరి, మాస్టారు అంకెలు చూసి మరీ మురిసిపోతున్నాడని మానేసింది. స్పానిష్‌లో చేరిన రోజు వంకేమీ దొరక్క, కిటికీలు దక్షిణం వైపు ఉన్నాయంది. రిజిస్ట్రార్ ఆఫీసు కౌంటర్లో కూర్చునే కార్డెల్, ఆవిడ తల దూరంగా కనబడగానే కోర్సు వదులుకునే ఫారం తీసి, పేరు కూడా తనే రాసి ఉంచేవాడు.

"ఈసారేమైంది మిసెస్ టటిల్?"

"గదంతా ఒకటే వంట వాసన."

"అది వంట కోర్సు కదండీ."

"అదే చెప్తున్నా."

తను మానేసి ఊరుకుంటే బాగుండేది. కోర్సులు ఎలా పూర్తి చేయాలో కొత్తవాళ్లకి చెప్పడమంటే ఆవిడకి మహా సరదా. ఆగస్టులో కాలేజీ తెరిచిన ఉదయం పార్కింగ్‌లోనే కాపు కాసి పట్టుకునేది. ముందు వరుసలో కూర్చో. మాస్టారికి నీ పేరు తెలియనివ్వు. సిలబస్ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించు. క్లాసుకి రావడం మానేస్తే పేరు దానంతటదే పోతుందనుకోకు, ఫారం ఇవ్వకపోతే ఎఫ్ గ్రేడు ఇంటికొస్తుంది.

"ఆ ఆఖరి ముక్క మాత్రం ఆవిడ నమ్మకంగా చెప్పగలదు" అనేవాడు కార్డెల్.

ఆ ఏడాది కాలేజీ తెరిచిన సోమవారం పొద్దున ఆవిడ చేతికి చిక్కింది యెసేనియా బ్రకమోంటే. ఇరవై నాలుగేళ్ల పిల్ల, బాదం పప్పు ఒలిచే ఫ్యాక్టరీలో పని. నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టాలంటే ముందు అనాటమీ గట్టెక్కాలి. ఈ సెమిస్టర్లో దొరక్కపోతే దరఖాస్తు ఏడాది వెనక్కి పోతుంది. రిజిస్ట్రేషన్ తెరిచిన రోజు ఆమె షిఫ్టులో ఉంది. బయటికొచ్చి ఫోన్ చూసుకునేసరికి ఇరవై నాలుగు సీట్లూ అయిపోయాయి. వెయిటింగ్ లిస్టులో ఆమెది నాలుగో పేరు.

"మాస్టారిని ఓసారి అడిగి వెళ్లిపోతాను" అంది యెసేనియా.

"అడుగు. వెళ్లిపోకు. నిలబడు."

"ఎంతసేపు?"

"కాళ్లు నొప్పెట్టేదాకా. ఆ తర్వాత ఇంకో అరగంట."

"మరి మీరేం చదువుతున్నారు?"

"అనాటమీ" అని మిసెస్ టటిల్ చేతిసంచీ ఊపుకుంటూ ముందు నడిచింది.

యెసేనియాకి ఒళ్లు మండింది. ల్యాబ్‌లోకి వెళ్లి చూస్తే ఇంకా మండింది. ముందు వరుసలో, మాస్టారి ఎదురుగా, ఇరవై నాలుగో సీట్లో ఆవిడ దర్జాగా కూర్చుని ఉంది. నలుగురూ చెప్పుకునే కథ అప్పటికే ఎవరో ఆమె చెవిన వేశారు. తనకి బతుకుదెరువైన సీటు ఈ ముసలావిడకి ఓ పూట కాలక్షేపం.

మాస్టారి పేరు డోర్మన్. తలుపు దగ్గర నిలబడ్డ ముగ్గురినీ చూసి చేతులెత్తేశాడు. "పన్నెండు బల్లలు, ఇరవై నలుగురు. ఇరవై ఐదో మనిషిని కూర్చోబెడితే అగ్నిమాపక శాఖవాళ్లొచ్చి నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. ఎవరైనా ఖాళీ చేస్తే, ఇక్కడ ఎదురుగా ఉన్నవాళ్లకే ఇస్తాను."

లిస్టులో మొదటివాడు అసలు రాలేదు. రెండో అమ్మాయి పది నిమిషాలు ఫోన్ గీకి వెళ్లిపోయింది. మూడో కుర్రాడు, "లేదని చెప్పాక ఇంకా ఎందుకు?" అని యెసేనియాని జాలిగా చూసి కదిలాడు. యెసేనియా గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ చెప్పిందని కాదు. బస్సు ఇంకో గంటకి గాని లేదు.

ఈలోగా మిసెస్ టటిల్ అనుమానాలకి అంతు లేకుండా పోయింది.

"ఈ అస్థిపంజరం ఆడదా మగాడా?"

"ఆడమనిషి" అన్నాడు డోర్మన్.

"అనుకున్నా. అంతా విని ఊరుకున్న మొహం."

ముప్పావు గంట గడిచింది. యెసేనియా సంచీ భుజాన వేసుకుని తలుపు పిడి మీద చెయ్యి వేసింది. అప్పుడు లేచింది మిసెస్ టటిల్.

"మాస్టారూ, నేను వచ్చినప్పట్నించీ ఈ అస్థిపంజరం నన్నే చూస్తోంది. ఈ కోర్సు నాకు పడదు."

డోర్మన్ ఎందుకని అడగలేదు. సొరుగు లాగి, ప్రవేశ నంబరు వేసి ఉన్న చీటీ ఒకటి తీశాడు. అది ఎప్పుడో రాసిపెట్టినట్టుంది. తలుపు వైపు చూసి, "మీ పేరేమిటమ్మా?" అన్నాడు.

విరామంలో యెసేనియా కౌంటరుకి పరుగెత్తింది. అక్కడ మిసెస్ టటిల్ ఫారం మీద సంతకం పెడుతోంది. కార్డెల్ ముందు ఒక పేరు తీసేసి, చీటీలో నంబరు చూసుకుంటూ రెండో పేరు ఎక్కించాడు. తెర మీద తన పేరు కనబడేదాకా యెసేనియా కౌంటరు అంచు వదల్లేదు.

"ముప్ఫై రెండు" అన్నాడు కార్డెల్. "పోయినేడు దాకా నేనూ నవ్వినవాణ్ణే. ఓ మధ్యాహ్నం పనిలేక ఈవిడ పాత ఫారాలన్నీ తిరగేశాను. అన్నీ సీట్లు నిండిపోయిన కోర్సులే. ఖాళీ ఉన్నదాంట్లో ఒక్కసారీ చేరలేదు."

"కార్డెల్, నీ నోరు మూయించడానికి ఫారమేమైనా ఉందా?" అంది మిసెస్ టటిల్.

యెసేనియా ఆవిడ వైపు తిరిగింది. "మరి క్లాసు మొదట్లోనే సీటు వదిలేయొచ్చుగా. నా ప్రాణం తీశారు."

"పది నిమిషాలకి పోయేవాడికిస్తే నెల తిరక్కుండా సీటు మళ్లీ ఖాళీ. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో నేనూ ఇట్లాగే వచ్చాను. సీటు లేదన్నారు, ఇంటికెళ్లిపోయాను. నిలబడొచ్చని ఎవరూ చెప్పలేదు." ఆవిడ సంచీ సర్దుకుంది. "విరామం అయిపోవచ్చింది. మొదటి రోజే ఆలస్యంగా వెళ్తే ఆ డోర్మన్ నీ పేరూ కొట్టేస్తాడు. పో."

పన్నెండింటికి క్లాసు వదిలారు. బస్టాపుకి వెళ్లే దారిలో వెల్డింగ్ షెడ్డు. లోపల ముందు వరుసలో ఒక పెద్ద ముసుగు, దాని కింద చిన్న మనిషి. తలుపు దగ్గర నలభై దాటిన ఒకాయన, గోదాము కోటుతో, వెళ్లాలా వద్దా అన్నట్టు తచ్చాడుతున్నాడు.

"వెళ్లకండి" అంది యెసేనియా. "ఇంకాసేపు నిలబడండి."

"సీటు లేదన్నారమ్మా. ఆఖరిది ఆ పెద్దావిడ తీసుకుంది."

"ఆవిడకి వెల్డింగ్ పడదు."

"నీకెలా తెలుసు?"

"నిప్పురవ్వలు వేడిగా ఉన్నాయంటుంది చూడండి" అని యెసేనియా బస్సు కోసం పరుగందుకుంది.