నూలు కోసం మా వాడ అర్జీ

నవ్వితే నవ్వుండ్రి గని, ముందుగాల జర చాయ్ తాగనియ్యుండ్రి! మొన్న సర్కారు కచ్చేరిల నేను చేసిన నిర్వాకానికి మా వాడ మొత్తం అడుక్కతినాల్సిందే. ఎట్లనో గట్టెక్కినం.

యుద్ధమని నూలుకు కంట్రోల్ పెట్టిండ్రు గద! మా మగ్గాలన్నీ మూలకు పడ్డయి. పొయ్యి రాజేసుడే కష్టమైంది. అప్పుడు మా నర్సయ్య పెదనాయిన అన్నడు: "ఒక్కొక్కడు పోయి మొత్తుకుంటే ఎవడింటడు? అందరం కలిసి అర్జీ పెడదాం. కాయితం ఎట్లనూ దొరుకుత లేదు, బట్ట మీదనే రాపిద్దాం. మన పనేందో నూలు పంచే సాహెబు కండ్లకు కనవడాలె."

మిగిలిన నూలుతోని పొడుగు బట్ట నేసినం. మున్షీ ఉర్దూల రాసిండు. కింద వాడోల్లందరి వేలిముద్రలు, ముసలోల్లయి, ఆడోల్లయి గూడ. దాన్ని నాకు, మా బావ మల్లేశానికి అప్పజెప్పిండ్రు. తెల్లారితే సాహెబు ఊర్ల మీదికి దౌరా పోతడు, అందుకే ఆ పొద్దే ఇయ్యాలె.

కచ్చేరి గుమ్మం కాడ కావలి జవాను నన్ను ఆపిండు. "ఉత్త తలకాయతోని సాహెబు ముందటికి పోతవా? పాగా ఏది?" బావ తలకు పాగా ఉన్నది, నాకు లేదు. లోపల్నుంచి పిలుస్తాండ్రు! చేతిల ఉన్నది ఏ బట్టనో సోయి లేదు. మగ్గం మీద పుట్టిపెరిగినోనికి బట్ట బట్ట లెక్కనే కనవడ్తది మరి! గబగబ తలకు చుట్టుకొని లోపలికి ఉరికిన.

"అర్జీ ఏది?" అన్నడు సాహెబు.

చంకల చూసిన, లేదు. నడుము కాడ చూసిన, లేదు. "బావా, నీ తాన ఉన్నదా?"

"నాకెప్పుడిచ్చినవ్?"

పానం పోయిందనుకోండ్రి! వాడోల్లకు ఏ మొకం జూపెట్టాలె? బల్ల కింద దూరి వెతుకవడ్తి.

"లేవయ్యా" అన్నడు సాహెబు. నా తలకాయ దిక్కే చూస్తాండు. "జర ఇటు తిరుగు."

తిరిగిన. పైకి చదువుతాండు! "ఇంకా తిరుగు."

అప్పుడు సమజైంది. సిగ్గుతోని పాగా విప్పబోతే జవాను గద్దించిండు, "సాహెబు ముందట తలపాగా తీస్తవా?" అని. ఇగ గానుగెద్దు లెక్క తిరుగుడే తిరుగుడు! సాహెబుకు నవ్వు ఆగలే. ఆఖరికి ఆయనే విప్పమన్నడు. బల్ల మీద పొడుగ్గ పరిపిచ్చి వేలిముద్రలన్నీ చూసిండు. నవ్వు ఆగిపోయింది. "ఇంతమందా?" అన్నడు మెల్లగ. అక్కడికక్కడ నూలు ఇయ్యమని హుకుం రాసిండు.

నిన్న నూలొచ్చింది. వాడంత మగ్గాల చప్పుడే! అది ఇన్నంకనే నా గుండె కుదుటవడ్డది.

గని, ఒక్క అర్జీ పనిచేసేసరికి మావోల్లకు ధైర్యమొచ్చింది. ఇప్పుడు మంచినీళ్ల బాయి కావాలని ఇంకోటి రాపిస్తాండ్రు. ఈసారన్న ఎక్కడన్న కాయితం సంపాదిద్దామని బతిమిలాడిన. పెదనాయిన ఇంటలేడు.

"నీ తలకాయ ఉండంగ కాయితమెందుకురా?"