అత్త దిగిన గెడ్డ

కొండల కడుపులో ఊటలు పుట్టించిన దేవునికి స్తోత్రం. ఏ కొండలో ఎంత నీరు దాచాలో, ఏ బండ సందులోంచి దాన్ని బయటికి పంపాలో ఎరిగినవాడు ఆయనే. మేం గెడ్డ అని పిలిచే కొండవాగు చప్పుడు మంచు విడకముందే వినిపించే ఊళ్ళో నన్ను కోడలిగా నాటినందుకు, చదువులు అయిపోయాయనుకున్న వయసులో మళ్ళీ బల్ల ముందు కూర్చోబెట్టినందుకు ఆయన నామానికి మహిమ. నేను చెప్పబోయేది ఆయన చేసిన పని. అందులో నేను సున్నం కలిపాను, అంతే.

అరకు లోయలో కాఫీ రైతుల సొసైటీలో పర్యావరణం చూసే ఉద్యోగం నాది. మాట పెద్దదిగా ఉంటుంది గానీ, రోజూ చేసేది నీళ్ళు పరీక్షించడం, చెత్త ఎక్కడ పడుతోందో చూడడం, రైతులతో వాదించడం. ఆదివారం మా మందిరంలో సండే స్కూలు పిల్లలకు వాక్యం చెబుతాను. వాదన అక్కడా తప్పదు.

మా అత్త చాలా ఏళ్ళు మందిరం వైపు తిరిగి చూడలేదు. కొండదేవతకు కోడిని ఇచ్చే చెయ్యి ఆవిడది. మామగారు పోయాక మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగినప్పుడు గుమ్మం అవతల కూర్చునేది. కొన్నాళ్ళకు గుమ్మం మీద కూర్చుంది. తర్వాత లోపలికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. కాఫీ పళ్ళు ఎర్రబడడం మొదలైన రోజుల్లో, ఒక సాయంత్రం ప్రార్థన అయ్యాక, చాప మడుస్తున్న నాతో మెల్లగా అంది.

"ఒలే గుంటా, ఈ క్రిస్మస్‌కి నానూ ములుగుతాను."

మునగడం అంటే బాప్తిస్మం గురించే అంటోందని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకే? ఇంకా ములగనేదు కదా," అంది అత్త. "గానీ ఒక మాట. మన గెడ్డలోనే ములుగుతాను. టౌనులో ఆ తొట్టి నానొల్లను."

నా ఏడుపు అక్కడ ఆగింది.

కారణం చెబుతాను. మా ఊళ్ళో పళ్ళు కోసే కాలం, క్రిస్మస్ కాలం ఒకటే. గెడ్డకు ఎగువన, అత్త పెద్ద కొడుకైన మా బావగారి కళ్ళంలో, తొక్క తీసే మిషను ఉంది. ఊళ్ళో రైతులందరూ అక్కడికే పళ్ళు తెస్తారు. తొక్క తీసి, గింజల్ని నానబెట్టి, వాటి జిగురు కడిగిన నీళ్ళు తిన్నగా గెడ్డలోకి వదిలేస్తారు. డిసెంబరు వచ్చేసరికి గెడ్డ మీద గోధుమరంగు నురగ. పులిసిన అంబలి కంపు. అడుగుపెడితే కాళ్ళు దురద. ఆ ముందటి ఏడు మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడినవాళ్ళను ఆటోల్లో టౌనుకు తీసుకెళ్ళి, అక్కడి మందిరం వెనక సిమెంటు తొట్టిలో ఇప్పించాం. అది అత్త చూసింది.

పాస్టరుగారు వచ్చి నచ్చజెప్పబోయారు. "పెద్దమ్మా, దేవుని దగ్గర ఏ నీళ్ళయినా ఒకటే."

"ఒకటే అయితే గెడ్డ నీళ్ళకేటి తక్కువ?" అంది అత్త. "గేదెలాగ తొట్టిలో దిగమంటావేటి బాబూ? పెళ్ళయి వచ్చిన కాడి నుంచి ఆ గెడ్డ నీళ్ళే తాగినాను. నా పిల్లల్ని అందులోనే కడిగినాను. అక్కడే దిగుతాను."

పాస్టరుగారు నా వైపు చూశారు. నీళ్ళు చూసేదాన్ని నేనే కదా. అత్తకు ఛాతీ బాగుండేది కాదు. మళ్ళీ క్రిస్మస్ దాకా ఉంటుందని డాక్టరు కూడా ధైర్యంగా చెప్పలేదు. ఆ ఏడు గెడ్డ బాగుపడకపోతే అత్త మునగదు. నాకు తెలిసింది అంతే.

ఆ నెలలోనే విశాఖలో నాకు శిక్షణ పడింది. మా ఉద్యోగంలో సర్టిఫికెట్ ఒకసారి తెచ్చుకుంటే సరిపోదు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ క్లాసుకు వెళ్ళి, కొత్తగా వచ్చిన పద్ధతులు నేర్చుకుని, దాన్ని కొత్తది చేసుకోవాలి. ఫ్యాక్టరీల నుంచి, మున్సిపాలిటీల నుంచి వచ్చిన కుర్రవాళ్ళ మధ్య, జడలో కనకాంబరాలు పెట్టుకుని నేనొక్కదాన్ని. మొదటి రోజే నీళ్ళ శాంపిల్ పట్టి చూపించమన్నారు. నేను నా సంచిలోంచి మంచినీళ్ళ బాటిల్ తీసి, ఆ నీళ్ళతో శాంపిల్ సీసాను శుభ్రంగా కడిగాను. క్లాసంతా నవ్వింది.

మాకు చెప్పే మాస్టారు మాత్రం నవ్వలేదు. ల్యాబుల్లో తల నెరిసిన మనిషి. "అమ్మా, ఏ నీళ్ళు పట్టాలో ఆ నీళ్ళతోనే సీసాను కడగాలి. మూడుసార్లు. వేరే నీళ్ళు ఎంత మంచివైనా సరే, అడుగున చుక్క మిగిలితే నువ్వు పట్టుకెళ్ళేది ఆ చోటి నీళ్ళు కావు," అన్నారు.

ఆ మాట నా లోపలికి దిగిపోయింది. మూడుసార్లు. త్రియేక దేవుని పేరిట. పాపం లేని ప్రభువు పాపులు దిగిన నదిలోకే దిగాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. పక్కన వేరే మంచినీళ్ళు తెప్పించుకోలేదు ఆయన. మా అత్త అడుగుతున్నదీ అదే కదా అనిపించింది. ఆవిణ్ణి మొండిది అని పాస్టరమ్మతో అన్నదాన్ని నేనే.

శిక్షణ చివర ఒక షరతు పెట్టారు. ప్రతివాళ్ళూ తమ ఊళ్ళో ఒక మురికినీటి సమస్య ఎంచుకుని బాగుచేయాలి. మాస్టారు స్వయంగా వచ్చి పరీక్ష చేస్తారు. ఎప్పుడు రమ్మంటావని అడిగితే, క్రిస్మస్ ముందు ఆదివారం రండి అన్నాను.

ఊరికి వచ్చి బావగారి కళ్ళంలో నిలబడ్డాను. మూడు గుంటలు తవ్వాలి. మొదటిదానిలో మడ్డి దిగుతుంది. రెండోదానిలో సున్నం కలిపితే పులుపు విరుగుతుంది. మూడోదానిలో వట్టివేరు, మెట్టతామర నాటితే వాటి వేళ్ళు మిగిలింది పీల్చుకుంటాయి. అంతా వివరంగా చెప్పాను. బావగారు పళ్ళ బస్తా దించుతూ విన్నారు.

"కోతల కాలంలో గోతులేటమ్మా? కూలోళ్ళు దొరక్క నానేడుస్తంటే!" అన్నారు. "మీ దేవుడికి గోతులు కావాలంటే మీ సంఘపోళ్ళని తవ్వమను."

మర్నాడు పొద్దున్న అత్త కనిపించలేదు. వెతుక్కుంటూ కళ్ళానికి వెళ్తే, గునపం ఒళ్ళో పెట్టుకుని, మిషను ఎదురుగా కూర్చుని ఉంది. ఎదురుగా పెద్ద కొడుకు, పళ్ళు తెచ్చిన ఊరివాళ్ళు.

"లెగమ్మా, సలిలో ఏటిది?"

"నానేటి సేత్తన్నాను? కూకున్నాను. నీ మిషను ఆడించుకో. నీ కాఫీ కుడితిలో మీయమ్మని ముంచుతావు గావాల, సూసి పోదామని."

"నువ్వు ఆ మతంలోకి పోతానంటే నానొద్దన్నానా?"

"వద్దనలేదురా. దారికి అడ్డంగా కంపు పోసినావు."

ఎవరో పకపకా నవ్వారు. బావగారు తల్లి ఒళ్ళోంచి గునపం లాక్కున్నారు. కోపంతో వేసిన ఆ మొదటి పోటుకు మట్టి ఎంత లేచిందో! మధ్యాహ్నానికి మా మందిరం మగవాళ్ళూ, కొండదేవతకు మొక్కేవాళ్ళూ ఒకే గోతిలో నిలబడి మట్టి ఎత్తిపోస్తున్నారు.

అయినా మొదట్లో ఓడిపోయాం. అందరూ ఒకే రోజు గింజలు కడిగేసరికి గుంటలు పొంగి, మురికి మళ్ళీ గెడ్డలో కలిసింది. నా చేతిలోని పరీక్ష కాగితం ఎర్రబడింది. అంటే పులుపు విరగలేదు. నీళ్ళు కొంచెం కొంచెంగా రావాలి, నిలవాలి అని క్లాసులో చెప్పింది నాకు గుర్తుంది గానీ, ఊరివాళ్ళను ఎలా ఆపడం? ఆ రాత్రి మా ఇంట్లో కూటం. అవ్వగానే, వచ్చేవారం కూటం ఎవరింట్లో అని పాస్టరుగారు వంతులు చదువుతున్నారు. వింటూ వింటూ మోకాళ్ళ మీదే ఉండిపోయాను. వంతులు! గింజలు కడగడానికి కూడా ఇంటికో వంతు వేస్తే?

బావగారితో భయపడుతూనే చెప్పాను. ఆయన మీసం దువ్వుకున్నారు. "మీ కూటం వంతులు మా మిషనుకి కూడా పెడతావేటి? సర్లే, పెట్టు. కానీ నా వంతు ఆ ములిగే ఆదివారం వెయ్యకు. ఆ రోజు అమ్మని సూడాల."

వంతులు కుదిరాయి. నురగ తగ్గింది. కంపు తగ్గింది. ఒక పొద్దున్న గెడ్డలో బండ కింద నుంచి పీత బయటికి రావడం చూసి, ఒక్కదాన్నే చప్పట్లు కొట్టి పాట పాడాను.

క్రిస్మస్ ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా తెల్లబట్టలతో గెడ్డ గట్టున నిలబడింది. మాస్టారు రైలు దిగి, ఆటోలో వచ్చేసరికి ఆలస్యమైంది. వస్తూనే చెయ్యెత్తి, "ఎవరూ నీళ్ళలో దిగకండి! అడుగు కదిలితే పరీక్ష చెడిపోతుంది," అన్నారు.

"బేగి పట్టు బాబూ!" అంది అత్త, శాలువాలో వణుకుతూ. "సలికి నాను పరలోకం పోతే ఇంకెవుల్ని ముంచుతారు?"

మాస్టారు సీసా నాకే ఇచ్చారు. ప్రవాహానికి ఎదురుగా నిలబడి, గెడ్డ నీళ్ళతోనే సీసాను కడిగాను. ఒకసారి. రెండోసారి. మూడోసారికి నా పెదాలు వాటంతట అవే కదిలాయి. సీసా నింపి ఎత్తితే అవతల పాస్టరుగారి చొక్కా తెల్లగా కనిపించింది. మాస్టారు కాగితం ముంచి చూశారు. తర్వాత నీళ్ళలో ప్రాణవాయువు కొలిచే మీటరు దించి చాలాసేపు వంగి ఉన్నారు. ఆయన లేచి, నా వైపు కాకుండా అత్త వైపు తిరిగారు.

"దిగండమ్మా. చేపకు ఏం కావాలో అన్నీ ఉన్నాయి ఈ నీళ్ళలో."

హల్లెలూయా అని ఊరు దద్దరిల్లింది. అత్త దిగింది. ఒక చెయ్యి పాస్టరుగారు, ఒక చెయ్యి నేను పట్టుకున్నాం. మునిగి లేచినప్పుడు ఆవిడ ముఖం మీంచి జారిన నీళ్ళు మేం బాగుచేసిన నీళ్ళు, ఆవిడ పిల్లలు ఆడిన నీళ్ళు. "ఓలమ్మో, తియ్యగున్నాయి!" అని కేక వేసింది. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డది బావగారు. తల్లి తల తుడుస్తూ, ముఖం పక్కకు తిప్పుకున్నారు.

తర్వాత ల్యాబు ఫలితం కూడా బాగుందని వచ్చింది. నా సర్టిఫికెట్ కొత్తదైంది. పక్క ఊళ్ళవాళ్ళు గుంటలు చూడ్డానికి వస్తే, వాటిని చూపించి చెప్పేది ఇప్పుడు బావగారే. నాకన్నా బాగా చెబుతారు. అత్త తర్వాత రెండు క్రిస్మస్‌లు చూసి, అదే గట్టుకు ఎదురుగా సమాధిలో పడుకుంది.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, ఈ కోతల కాలంలో కూడా మా వంతులు తప్పనీయకు. నీ గెడ్డలను మా మురికి నుంచి కాపాడు. దిగువ ఊళ్ళలో ఈ నీళ్ళే తాగే పిల్లలను దీవించు. గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని కూడా ఒకనాడు, నీకిష్టమైన రోజున, నీళ్ళలోకి పిలువు. మీరూ నాతో ఆమేన్ అనండి.