తడిగోడ మీద తివాచీ

పరదాలు కుట్టే దుకాణం మూతపడ్డాక ఆమెకు కొత్త పని దొరికింది. అమ్మకానికి పెట్టిన ఇళ్ళను ముస్తాబు చేయడం. అందరికీ మాత్రం ఆమె ఇంకా పరదాల అక్కే. బోసిగదిలో ముందు గరుకైన నారచాప పరిచి, దాని మీద మెత్తటి ఉన్ని తివాచీ వేసేది. నున్నటి బల్ల పక్కన పేము బుట్ట, మఖమల్ దిండు మీద ముతక అల్లిక దుప్పటి.

"అంతా నునుపైతే ఆసుపత్రి, అంతా గరుకైతే గోదాము. రెండూ కలిస్తేనే ఇల్లు" అనేది.

ఒకరోజు సర్దాల్సిన ఇల్లు ఒక నర్సుది. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. పడకగది సర్దుతూ అక్క గోడకు చెయ్యి ఆనించి చటుక్కున తీసేసింది. సున్నం పొడిగా రాలింది. లోపల చల్లటి తడి.

"స్నానాలగది గొట్టం కారుతోంది కదమ్మా?"

నర్సు తలుపు దగ్గరగా వేసింది. "బాగుచేయించే వ్యవధి లేదక్కా. ఎలాగోలా గట్టెక్కించు."

పక్కనే ఉన్న ఇళ్ళ బ్రోకరు నవ్వాడు. "తివాచీ ఒకటి వేలాడదీసెయ్యక్కా, నీకిదో లెక్కా! ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను. నువ్వు నోరు విప్పకు."

మనసు ఒప్పకపోయినా చేతులు పని కానిచ్చేశాయి. ఎవరూ దగ్గరికి రాకుండా ముందొక కుర్చీ కూడా వేసింది.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళు వచ్చారు. కొనేది చెల్లెలు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం. ఆమెకు చూపు లేదు. బ్రోకరు ముఖం విప్పారింది. అక్కకు మాత్రం భయం వేసింది. ఈ అమ్మాయి చేతులతో చూస్తుంది మరి.

గుమ్మంలో చెప్పులు విడిచి, ఆ అమ్మాయి పాదంతో చాప అంచును తడిమింది. "కింద గరుకు, పైన మెత్తన! ఎవరు సర్దారండీ?"

"నేనేనమ్మా."

"భలేగా ఉందండీ. ఎక్కడున్నానో కాళ్ళకే తెలిసిపోతోంది."

ఇంతవరకూ ఎవరూ తనను అలా మెచ్చుకోలేదు. ఆ మెప్పు అక్కకు ముల్లులా గుచ్చుకుంది.

పడకగదిలో ఆ అమ్మాయి గోడవెంట చెయ్యి జారుస్తూ నడిచింది. తలుపు చట్రం, స్విచ్చి, అలమర. బ్రోకరు అడ్డం వచ్చాడు. "ఇటు రండమ్మా, కిటికీలోంచి గాలి బ్రహ్మాండంగా వస్తుంది."

"వస్తానండీ. ఇక్కడేముంది?" కుర్చీ పక్కనుంచి చెయ్యి చాచింది. వేళ్ళకు తివాచీ కుచ్చులు తగిలాయి.

"అలంకారమండీ."

అరచెయ్యి మొత్తం తివాచీకి ఆనించింది. ఉన్ని మందంగా ఉంది, తడి ఇంకా పైకి ఎక్కలేదు. ఆ అమ్మాయి నవ్వుతూ వెనక్కి తిరిగింది. "అన్నయ్యా, నా మంచం ఈ గోడవారనే వేద్దాం."

"అక్కడ వద్దమ్మా" అంది అక్క.

"అక్కా!" బ్రోకరు గొంతులో బెదిరింపు.

ఆమె కుర్చీ జరిపింది. తివాచీ ఊడదీసి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టింది.

"తడి" అందా అమ్మాయి మెల్లగా.

"గొట్టం కారుతోంది. తివాచీ కట్టింది నేనే."

అన్న మండిపడ్డాడు. "చూపు లేదని మోసం చేద్దామనుకున్నారా?" చెల్లెలు మాత్రం వేళ్ళకంటిన సున్నం దులుపుకుని, "ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగింది. లేదంది అక్క. వాళ్ళు వెళ్ళిపోయారు.

"నా కొంప ముంచావక్కా" అని నర్సు ఏడ్చింది. బ్రోకరు ఆ తర్వాత అక్కను మళ్ళీ పిలవలేదు. గొట్టం బాగయ్యాక ఇల్లు వేరెవరో కొన్నారు. నర్సు మాత్రం అక్కతో మాట్లాడనే లేదు. ఆ బాధ అక్కకు పోలేదు.

చాలా రోజులు పని లేక దిండుగలీబులు కుట్టుకుంది. ఒకనాడు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వేరే వీధిలో ఇల్లు కొనుక్కుందట. "చూసేవాళ్ళ కోసం కాదక్కా, నేను నడవడానికి సర్దిపెట్టాలి."

గుమ్మం నుంచి వంటింటి దాకా నారచాప, మంచం చుట్టూ ఉన్ని, స్నానాలగది ముందు మందపాటి నూలు పట్టా వేసింది అక్క. ఆ అమ్మాయి కర్ర పక్కన పెట్టి ఇల్లంతా నడిచింది. ఒకచోట బల్లకు మోకాలు తగిలి, "అబ్బా!" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ బల్లను పక్కకు లాగారు.