ఓవర్‌లుక్ చేయమని రాసిన అర్జీ

మున్సిపల్ ఆఫీసు మెట్ల కింద టైపు మిషను పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా అర్జీలు కొట్టే ఆమెను అందరూ ఇంగ్లీషక్క అంటారు. చదివింది పదో తరగతే. తన ఇంగ్లీషు మాత్రం ఇస్త్రీ మడతలా నిలబడుతుందని ఆమె నమ్మకం.

ఇంగ్లీషక్క పిన్ని వీధులతో పాటు ఆ ఆఫీసూ ఊడుస్తుంది. ఆవిడ అరచేతుల నిండా గాజుపెంకుల గాట్లు. తోటి పదకొండుమందికీ అంతే. గ్లవ్స్ ఇప్పించమని ఇంగ్లీషక్క చేత రెండు అర్జీలు రాయించి పెట్టారు. ఏడు నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. చివరికి పిన్నీ, ఇంగ్లీషక్కా కలిసి గుమాస్తా దగ్గరికే వెళ్లారు.

గుమాస్తా అర్జీ తీసి, చివరి వాక్యం మీద వేలు పెట్టి పకపకా నవ్వాడు.

"ఏమ్మా, దయచేసి మా ఫిర్యాదును ఓవర్‌లుక్ చేయండి అని రాశావు. అంటే చూసీ చూడనట్టు వదిలేయమని! అడిగినట్టే వదిలేశాం."

ఇంగ్లీషక్క మొహం మాడిపోయింది. "ఓవర్ అంటే పైన, లుక్ అంటే చూడటం కదండీ. మీరంతా పైవాళ్లు, పైనుంచి చూస్తారని..."

"లుక్ ఇంటూ అనాలమ్మా. లోపలికి దిగి చూడమని."

"పెద్దవాళ్లని దిగమంటే ఏం బాగుంటుందని..." నసిగింది.

పిన్ని చూపు మాత్రం బీరువా పక్కనున్న దుమ్ము కట్టల మీద ఉంది. "అవేంటి బాబూ?"

"పాత అర్జీలు."

"ఏదీ, వాటిలో ఏం రాశారో చదువే అమ్మాయ్."

ఇంగ్లీషక్క పై కట్ట విప్పి ఒకటి, రెండు, ఆరు తిరగేసింది. "అన్నిట్లో లుక్ ఇంటూ అనే ఉంది పిన్నీ."

"మరి వీటిలోకి దిగలేదేం బాబూ? మెట్లు లేవా?"

గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. చేతులు తెగినవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష పెడతారు; పాసైనవాళ్ల కాగితాలనూ అదే దుమ్ములో పడేస్తారు.

మెట్ల కిందికి రాగానే ఇంగ్లీషక్క ఆ పాడు మాట ఇంక జన్మలో కొట్టనంది.

"పారేయకే, దాంతో పనుంది," అంది పిన్ని.

మూడో అర్జీ ఒకే వాక్యం: "గ్లవ్స్ ఇచ్చేదాకా మీ ఆఫీసు చెత్తను మేము ఓవర్‌లుక్ చేస్తాము." కింద పన్నెండు వేలిముద్రలు.

నాలుగోరోజుకి ఎత్తేవాళ్లు లేక ఎంగిలి టీ కప్పులు పెద్దాఫీసరు కుర్చీ దాకా పాకాయి. అయిదోరోజు గుమాస్తా ముక్కుకి రుమాలు కట్టుకుని, గ్లవ్స్ పెట్టె తానే మోసుకొచ్చాడు.

"ఈసారి ఇంగ్లీషులో తప్పుల్లేవమ్మా," అన్నాడు.

పిన్ని గ్లవ్స్ తొడుక్కుని వేళ్లు ఆడించి చూసుకుంది. "అయితే చదివావన్నమాట!"